మోరీలోకి పోయే నీళ్లు

ప్రియమైన కరుణక్కకు,

ప్రభువు పేరిట వందనాలు. కువైట్ నుంచి నీ చెల్లెలు సువార్త రాస్తున్నది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావ బీడీలు మానాడా? నా కూతురు సునీత కడప హాస్టల్లో సరిగ్గా తింటోందా? ఫోన్లో ఎప్పుడడిగినా అందరూ బాగున్నారనే అంటావు. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పు.

ఇక్కడ ఎండ మన ఆలూరు ఎండకు అన్నలాంటిది. దుమ్ము లేచిన రోజు కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కుతాం. తిండికి లోటు లేదు. కానీ సంగటి ముద్ద చూసి రెండేళ్లయింది. ఎవరైనా ఇటు వస్తుంటే ఊరమిరపకాయలు, శెనగ్గింజల పొడి పంపు.

ఈ ఉత్తరం తెచ్చిన ఆమె లక్ష్మీదేవి. నాతోపాటు ఈ ఇంట్లోనే పనిచేసేది. మీ ఒంటిమిట్ట దాటాక నాలుగు మైళ్లలో ఆమె ఊరు. సునీతకు రెండు చుడీదార్లు, నీకు నొప్పుల నూనె, బావకు ఖర్జూరాలు ఆమె చేత పంపుతున్నాను. ముందు ఆమెకు అన్నం పెట్టు.

ఈ రెండో పేజీ నీ కళ్లతోనే చదువుకో, పైకి వద్దు. ఆమె ఎదురుగా కూర్చుని ఉంటుంది. ఆమెకు సంతకం తప్ప చదువు రాదు. మళ్లీ పైకి ఎక్కడి నుంచి చదవాలో చివర చెబుతాను. ఇది ఫోన్లో చెప్పలేకపోయాను. ఆమె మంచం, నా మంచం పక్కపక్కనే.

హాల్లో పెద్ద అద్దాల తొట్టి పెట్టారని చెప్పాను కదా. అందులో ఉప్పునీళ్లు, నారింజ రంగు చారల చేపలు రెండు, ఒక ఎనిమోన్. అది సముద్రపు జీవి. చూడ్డానికి పువ్వులా ఉంటుంది గానీ పువ్వు కాదు. చుట్టూ వేళ్లు, మధ్యలో నోరు, కింద రాతికి అంటుకునే పాదం. ఆ వేళ్లలోనే చేపలు కాపురం ఉంటాయి. మనం తాకితే కుడుతుంది. మేడమ్ తన ముగ్గురు పిల్లల కంటే దాన్నే ఎక్కువసార్లు చూసుకునేది.

తొట్టిని చూసే మలయాళీ జోసెఫ్ దాని సంగతులన్నీ నాకు నేర్పాడు. దాన్ని మనం ఒకచోట పెట్టలేము. వెలుతురు, నీటి ఒరవడి నచ్చిన చోటు అదే వెతుక్కుంటుంది. పాదం అంటుకున్నాక లాగకూడదు. వారానికి రెండుసార్లు రొయ్య ముక్క పెట్టాలి. నీళ్లు ఆవిరైపోతే ఉప్పు లోపలే మిగులుతుంది కాబట్టి తగ్గినంత మేర ఉప్పు లేని శుద్ధమైన నీళ్లే పోయాలి. అది రాయి వదిలి మళ్లీ తిరగడం మొదలుపెడితే నీళ్లలో ఏదో తేడా ఉన్నట్టు. అప్పుడు వెంటనే తనకు ఫోన్ చేయాలి.

మొదట్లో అది తిరుగుతుంటే లక్ష్మీదేవి అద్దానికి ముఖం ఆనించి చూసేది.

"నచ్చకపోతే జాగా మారుస్తాండాది సూడక్కా. దీన్ని పాస్‌పోర్టు అడిగేటోళ్లు లేరు."

"నీ పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో భద్రంగా ఉండాదిలే."

"అదే గదా నేను చెప్పేది."

శుద్ధమైన నీళ్లకు వంటగదిలో మిషన్ ఉంది. దానికి రెండు గొట్టాలు. ఒకదాంట్లో మంచినీళ్లు సన్నగా వస్తాయి. ఇంకోదాంట్లోంచి అంతకు మూడింతలు మోరీలోకి పోతాయి. అక్కా, చిన్నప్పుడు బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, ఒళ్లు కడిగిన నీళ్లు వంగ చెట్లకు పోసినవాళ్లం. ఆ శబ్దం వింటూ నిలబడలేకపోయాను. మంచినీళ్లకు తెల్ల బకెట్ ఉండేది, రెండో గొట్టం కింద నీలం బకెట్ పెట్టాను. మొదట నేల తుడిచాను. ఒకరోజు నోట్లో వేసుకుని చూస్తే మన ఊరి బోరు నీళ్ల కంటే తియ్యగా ఉన్నాయి. అవే తొట్టిలో పోయడం మొదలుపెట్టాను.

నాలుగు వారాలు పోశాను. తర్వాత నా భుజం పట్టేస్తే ఆ పని లక్ష్మీదేవి అందుకుంది.

"ఏ బకెట్ నీళ్లు పోయల్లక్కా?"

నేను నీలం బకెట్ చూపించాను. మోరీ నీళ్లది.

వారం తిరక్కుండానే ఎనిమోన్ ముడుచుకుపోయింది. నోరు తెరుచుకుంది. రాయి వదిలి తిరగడం మొదలుపెట్టింది. జోసెఫ్‌కు ఫోన్ చేయాల్సింది నేను. చేస్తే బకెట్ సంగతి బయటపడుతుందని చేయలేదు. మూడో రోజు మేము వడ్డనలో ఉండగా అది నీళ్లు తిప్పే మోటారు నోటికి చిక్కి ముక్కలైంది. దాని విషానికి చేపలూ చచ్చాయి.

జోసెఫ్ వచ్చి నీళ్లు పరీక్ష చేశాడు. మిషన్ వదిలేసే నీళ్లు పోశారని, వాటిలోని రాగి మనుషులను ఏమీ చేయదు గానీ దానికి విషమని మేడమ్‌కు చెప్పాడు. మేడమ్ అరవలేదు. నీళ్లు పోసింది ఎవరని అడిగింది.

"నేనే మేడమ్," అంది లక్ష్మీదేవి. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో, "బకెట్ సంగతి చెప్పక్కా," అంది.

నాకేమీ తెలియదని నేను అరబ్బీలో చెప్పాను.

మేడమ్ ఆ ముక్కలన్నీ ఆమె చేత ఉత్త చేతులతో ఏరించింది. తొడుగులు పక్కనే ఉన్నాయి, వేసుకోనివ్వలేదు. ఆమె మోచేతి దాకా ఎర్రటి చారలు కనిపిస్తాయి, వాటి గురించి అడగొద్దు. మరుసటి రోజు మేడమ్ బీరువాలోంచి పాస్‌పోర్టు తీసి ఆమె ముందు పెట్టింది.

గదిలో సామాన్లు సర్దుకుంటూ లక్ష్మీదేవి అడిగింది. "నువ్వు సూపించింది నీలం బకెట్టే గదక్కా?"

"తెల్లది సూపించినా. నువ్వు సరిగ్గా సూసుకోలేదు."

ఆమె చాలాసేపు చీర మడతపెట్టింది. "అయితే నాకే బుద్ధి లేకపాయె," అంది. అప్పటి నుంచి అదే నమ్ముతోంది. నీకూ అదే చెబుతుంది. అడ్డు చెప్పొద్దు.

ఊళ్లో ఆమె ఇంటికి గోడలు లేచాయి, మిద్దె పడలేదు. నేను వెళ్లిపోతే సునీత నర్సింగ్ చదువు ఆగుతుంది. మేడమ్ అడిగినప్పుడు ఇవేవీ నేను తూచలేదు. ఊరికే నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఆ రాత్రి తూచాను. తెల్లారాక కూడా చెప్పలేదు.

ఆమె టికెట్ వచ్చేలోగా తొట్టి నీళ్లన్నీ మార్చారు, కొత్త ఎనిమోన్ వచ్చింది. అది చూసుకునే పని మొత్తం నాదే ఇప్పుడు. రాయి పట్టుకుంది, వేళ్లు బాగా విప్పింది. రెండో గొట్టం నీళ్లు మోరీలోకి వదిలేస్తున్నాను.

ఈ సంగతి బావకు, పాస్టరుగారికి తెలియనివ్వొద్దు. ఈ పేజీ పొయ్యిలో పెట్టు. ఇక తర్వాతి పేజీ నుంచి పైకి చదువు. ఆమె తల ఊపుతుంది, ఊపనీ.

అక్కా, లక్ష్మీదేవి చాలా మంచిది. తెలియక పొరపాటు చేసింది, అందుకు ఎవరూ ఆమెను ఒక్క మాట అనొద్దు. నేను ఆమెను మనసారా క్షమించాను, రోజూ ఆమె కోసం ప్రార్థన చేస్తున్నాను. బస్సు ఎక్కేదాకా తోడు వెళ్లు. బావకు, మీ అత్తకు, సంఘం పెద్దలకు నా వందనాలు. సునీతకు ముద్దులు. మీ అందరి దీవెన నా మీద ఉండాలని కోరుతూ,

నీ చెల్లెలు
సువార్త