నా పన్ను వాపసు పట్టుకోవలసిందిగా మనవి

బిడ్డల పోషణ వసూళ్ళ అధికారి గారికి,
టర్లీ కౌంటీ కచేరీ, తూర్పు కెంటకీ.
ఏప్రిల్ 14, 2025.

అయ్యా,

విషయం: నాకు తిరిగి రావలసిన ఆదాయపు పన్ను సొమ్మును ఎప్పటివలెనే బాకీ కింద పట్టుకొనుట గురించి.

స్పైసర్ వాగు ఒడ్డున కాపురముండే, వయసు డెబ్బై ఒకటి గల, కలప కోత మిల్లులో పని చేసే హోబర్ట్ స్టిడమ్ అను నేను మనవి చేసుకునేది. నేను ఎనిమిదో తరగతి వరకే చదివాను. ఉత్తరాలు రాసే అలవాటు లేదు. తప్పులుంటే మన్నించగలరు.

1. నా కూతురి పేరు లేసీ జూన్. దాని తల్లి వెర్లీన్‌కూ నాకూ విడాకులయ్యాక, పిల్ల పోషణకు నెలనెలా ఇంత కట్టాలని కోర్టు రాసింది. నేను సరిగా కట్టలేదు. 2003 జనవరిలో పిల్లకు ఎనిమిదేళ్ళు నిండాయి. ఫిబ్రవరిలో ఊపిరితిత్తులకు జబ్బు చేసి పోయింది. ఆ చలికాలం వాళ్ళు ఒక్క గదిలోనే పొయ్యి వెలిగించుకున్నారు. కిరసనాయిలుకు డబ్బు లేదు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

2. పిల్ల పోయినా పాత బాకీ నా పేరున ఉండిపోయింది. నేను మనియార్డరు కవరులో పెట్టి పంపితే వెర్లీన్ చించకుండానే తిప్పి పంపింది. అలా ఆరు సార్లు. 2008లో మీ కచేరీ వారు మొదటిసారి నా పన్ను వాపసు పట్టుకుని ఆమెకు పంపారు. అది తీసుకుంది. పెట్రోలు బంకు దగ్గర ఆమె అన్న వర్జిల్ కనబడితే అడిగాను.

"బావా, ఆ డబ్బు చేరిందా?"

"బావా గీవా అనకు. చేరింది. సర్కారు నీ మెడ మీద కూర్చుని గుంజిన సొమ్ము పిల్లదట. అది తీసుకుంటుందట. నువ్వు చేత్తో ఇచ్చేది మాత్రం ముట్టదట."

3. అప్పటినుంచి నా జీతంలో పన్ను ఎక్కువ కోయమని మిల్లులో రాసి ఇచ్చాను. ఎక్కువ కోస్తే వాపసు ఎక్కువ వస్తుంది. వచ్చింది తమరు పట్టుకుంటారు. లైబ్రరీలో పన్ను కాగితాలు నింపిపెట్టే ఆవిడ నవ్వింది.

"హోబర్ట్ గారూ, నాలుగు డాలర్లు ఎక్కువొస్తాయంటే జనం పోయిన అత్తను కూడా మేమే పోషిస్తున్నామని లేపి తెచ్చి నా ముందు కూర్చోబెడతారు. పోగొట్టుకోవడానికి వచ్చేది మీరొక్కరే."

నేను సంతకం పెట్టి వచ్చేశాను.

4. వెర్లీన్ ఆ డబ్బులో సెంటు కూడా ఇంటికి వాడుకోలేదు. మే నెల నాలుగో ఆదివారం మా వైపు సమాధులు అలంకరిస్తారు. పిల్ల ఉన్నది వాళ్ళ కొండ మీద. ఆ గేటు నేను దాటకూడదు. కింద దారిలో ట్రక్కు ఆపుకుని చూస్తాను. మొదటి ఏడు గులకరాళ్ళు పరిచారు. మూడో ఏడు రాయి నిలబెట్టారు, దాని మీద గొర్రెపిల్ల బొమ్మ. తర్వాత చిన్న కంచె. కిందటేడు పసుపు గులాబీలు, గుడ్డతో చేసినవి. వాటిని చూసి డబ్బు చేరిందని తెలుసుకునేవాణ్ణి.

5. పట్టుకున్నప్పుడల్లా తమరు నాకొక ఉత్తరం పంపుతారు. అందులో బిడ్డ పేరు, వయసు అని రెండు గడులుంటాయి. మీ యంత్రానికి ఎవరూ చెప్పినట్టు లేదు. మొదటి ఉత్తరంలో వయసు పదమూడు అని ఉంది. మరుసటేడు పద్నాలుగు. పద్దెనిమిది అని వచ్చిన రోజు నేను పనికి పోలేదు. కిందటేడు ఇరవై తొమ్మిది. మొత్తం పదిహేడు ఉత్తరాలు సొరుగులో వరుసగా ఉన్నాయి. ఇది ఫిర్యాదు కాదు. దయచేసి దిద్దవద్దు.

6. ఈ ఫిబ్రవరిలో వేరే ఉత్తరం వచ్చింది. బాకీ పూర్తిగా తీరినది, ఖాతా మూసివేయడమైనది అని ఉంది. పిల్ల పేరు లేదు. నంబరు మాత్రమే ఉంది. తర్వాత నాలుగు వందల పన్నెండు డాలర్లకు వాపసు చెక్కు నా ఇంటికే వచ్చింది.

7. ఆ ఫిబ్రవరిలోనే వానలకు కొండ జారింది. పిల్ల రాయి బోర్లా పడింది. దారిలోంచి చూస్తే దాని వీపు కనబడుతుంది. పేరు మట్టిలో ఉంది. వర్జిల్ తనంతట తనే నా ట్రక్కు దగ్గరికొచ్చాడు. ఇన్నేళ్ళలో అదే మొదలు.

"రాయి లేపడానికి రాళ్ళ పనివాడు నాలుగొందలు అడుగుతున్నాడు. వెర్లీన్ రోజూ పోస్టు డబ్బా తెరిచి చూస్తోంది, సర్కారు డబ్బు ఏదీ అని."

"బాకీ తీరిందని కాగితం రాలేదా ఆమెకు?"

"వచ్చింది. చదివి వినిపించాను. ఎలా తీరుతుంది, అని అడిగింది నన్ను."

నేను నాలుగు వందలు కవరులో పెట్టి పంపాను. తిరిగొచ్చింది. అది ఏడోసారి.

8. తమ కచేరీకి వచ్చి కిటికీ దగ్గర రెనీ గారిని అడిగాను. మంచిగానే మాట్లాడింది.

"బాకీ లేని మనిషి దగ్గర ఏం పట్టుకోమంటారు పెద్దాయనా? హాయిగా ఆ చెక్కు మార్చుకుని మంచి భోజనం చేయండి. పట్టుకోవాలంటే బాకీ ఉండాలి. ఉందని కోర్టు అనాలి."

కనుక కింది సంగతి తెలియజేసుకుంటున్నాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

9. బాకీ ఉన్నది. 2002 సెప్టెంబరులో నాకు పని లేదని జడ్జి గారి ఎదుట బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పాను. నమ్మి, నెలకు కట్టవలసింది సగం చేశారు. అప్పుడు నేను పక్క రాష్ట్రం ఇండియానాలో ఇళ్ళకు కప్పులు వేస్తున్నాను. కూలి రోజూ చేతికే ఇచ్చేవారు. ఫిబ్రవరి దాకా చేశాను. కబురు అందినప్పుడు కప్పు మీదే ఉన్నాను. జేబులో డబ్బు ఉంది.

ఆ తగ్గించిన సగం తమ ఖాతాలో ఎక్కలేదు. అది పిల్లది.

కావున తమరు దయతో ఈ కాగితాన్ని కోర్టు ముందు పెట్టించి, ఖాతా మళ్ళీ తెరిచి, నా బాకీ తిరిగి లెక్క కట్టించవలసిందిగా ప్రార్థన. చెక్కు మార్చలేదు. ఇందుతో జతపరిచాను. సమాధులు అలంకరించే మే 25లోగా ఆమెకు చేరేలా చూడగలరు. పంపేటప్పుడు దాని మీద పట్టుకున్నది అని రాయాలి. ఇచ్చినది అని రాస్తే తీసుకోదు. దొంగ ప్రమాణానికి శిక్ష ఉంటే మనుషులను పంపండి. సాయంత్రం నాలుగు దాటితే ఇంట్లోనే ఉంటాను.

ఇంతకంటే రాయడం చేతకాదు. రాసినంతవరకు నిజమని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
హోబర్ట్ స్టిడమ్

మరొక మనవి: ఖాతా తెరిచాక నాకు ఎప్పుడూ పంపే ఉత్తరం పంపండి. ఈసారి వయసు గడిలో ముప్ఫై అని రావాలి. జనవరికి నిండాయి.