మగచేపలో మూషికాలు

మాకు జువాలజీ చెప్పిన సుజాత మేడమ్‌కు,

మీరు కన్నుమూసిన ఏడాదికి రాస్తున్నాను. చదవలేరు గనక అక్షరదోషాలకు మార్కులు కోయలేరు.

ఈరోజు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో నా డెమో క్లాసు. నచ్చితేనే ఉద్యోగం. మగచేప మెదడు కింది పీయూష గ్రంథి హార్మోన్లు పంపితేనే ముష్కాలు వీర్యం తయారుచేస్తాయని గంభీరంగా సెలవిచ్చాను.

ఒకమ్మాయి లేచి, "సార్, చేప కడుపుల మూషికాలు ఎట్లుంటయి?" అంది. క్లాసంతా నవ్వేసరికి ఆమె ముఖం చిన్నబోయింది.

ఇంటర్లో అదే తప్పు పలికిన నాతో మీరన్న మాటే అన్నాను: "అవి ముష్కాలు, తల్లీ. మూషికాలుంటే వినాయకుణ్ణి కూడా వెతకాలి."

ఈసారి ఆమే ముందు నవ్వింది. కూర్చోకుండా, "మరి గా గ్రంథి పనిచెయ్యకపోతే, సార్?" అని అడిగింది.

జవాబు పూర్తవగానే వెనక కూర్చున్న డైరెక్టర్, "రేపట్నుంచి వచ్చేయండి" అన్నారు.

జీతం నేను తీసుకుంటాను, మేడమ్. దండం మాత్రం మీకే.