నీ కొడుకు ముంచిన పడవ

బావా,

నువ్వు పోయి ఏడాదైంది. నిన్న సంవత్సరీకం పెట్టాం. వడలు నీకు చేరాయో లేదో గానీ, కాకులు మాత్రం తృప్తిగా పోయాయి.

మధురలో తెల్లదొర పందెపు పడవ గుర్తుందా? పాత దొర సీమకు పోయాక చెరువు గట్టున బోర్లాపడి ఎండిపోయిందే, అదే. కొత్త దొర దాన్ని బాగుచేసే పని నీ కొడుక్కిచ్చాడు. నువ్వు పోయాక వాడికి దొరికిన మొదటి వడ్రంగి పని. ఇది చెడితే ఇక వాడికి బండి చక్రం కూడా ఎవరూ ఇవ్వరు.

పుచ్చిన పలకలు మార్చాడు, తెరచాపకు కొయ్య నిలబెట్టాడు. తీరా పందెం రేపనగా, పడవను చెరువులోకి తోసి రాళ్లు నింపి ముంచేశాడు! ఎవరో వాణ్ణి తప్పుదారి పట్టించారని నాకు అనుమానమొచ్చింది.

"ఏండా, దొర తేల్చమంటే నువ్వు ముంచితివా?"

"ఎండిన చక్రాన్ని నాయన నీళ్లలో ఎందుకేస్తాండె మామా? కొయ్య నీళ్లు తాగి ఉబ్బితేనే సందులు మూసుకునేది."

"చక్రం ఈదదురా!"

"సందేగముంటే రేపు నువ్వే ముందెక్కు."

పొద్దున రాళ్లు తీసి, నీళ్లు తోడి, పడవను తేల్చాడు. నేనే ముందెక్కాను. నాకు ఈత రాదని నీకు తెలుసు. చెరువు నడిమికి పోయేదాకా పలకల సందులు వేలితో తడుముతూనే ఉన్నాను. ఒక్క చుక్క లోపలికి రాలేదు.

నీ తరఫున ఇంకోసారి తడిమాను.