బండి తల్లికి ఊపిరాడింది

ప్రసోంగ్ అన్నయ్యకి,

నిన్న క్యాబేజీ లోడుతో కొండెక్కుతూ నీ కొత్త బండిని దాటిపోయిన పాత పికప్పు ఎవరిదని ఫెచబూన్ సంతలో అడిగావట. "దీని పనైపోయింది, పాత ఇనుముకి అమ్మేసుకో" అని నువ్వు నాకు వదిలేసిందే! వెనక నుంచి దాన్నెప్పుడూ చూడలేదుగా, గుర్తుపట్టలేదులే.

పెద్ద ఖర్చేమీ పెట్టలేదు. మెకానిక్ బున్‌తోమ్ మామ గాలి ఫిల్టరు విప్పి పగలబడి నవ్వాడు. "మీ అన్న బండిని కాచే తల్లికని బానెట్‌కి ఎన్ని దండలు కట్టాడే! ఎండిన బంతిరేకులన్నీ ఆ తల్లి ముక్కులోనే ఉన్నాయి!" అన్నాడు. కొత్త ఫిల్టరు పెట్టి, పాత సామాన్ల కొట్టులో దొరికిన లావుపాటి సైలెన్సర్ గొట్టం బిగించాడు.

ఇప్పుడు దండ లోపల అద్దానికి కడుతున్నాను. నిన్న మలుపులో నీ పక్కన అంతసేపు హారన్ కొట్టింది నేను కాదన్నయ్యా, ఆ తల్లే.

నీ చెల్లెలు