ఎడమకు లాగే విమానం

ఖానాపూర్

శ్రీవారికి కోమల నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మన మమత ఎడమచెయ్యి కూడా క్షేమమే. అక్కడ మీరు క్షేమమని, మీ గదిలో ఉండే హనుమండ్లన్న సెలవు మీద వచ్చి చెప్పాడు కాబట్టి మళ్లీ అడగను. ఫోన్‌లో నేను నోరు తెరవగానే కట్ చేస్తున్నారు. కాగితాన్ని కట్ చేయలేరు కదా. అందుకే రాసి, తిరిగి దుబాయ్ పోతున్న ఆయన సంచిలో పెడుతున్నాను. అక్షరాలు కోడి గీకినట్టున్నాయని ఎవరితోనో రాయించాననుకోకండి. రాసింది నేనే, ఎందుకలా ఉన్నాయో చివర చెబుతాను.

ఆయన చేత పంపిన జాయ్‌స్టిక్ డబ్బాలో మీరు పెట్టిన చీటీకి ఇది జవాబు. పిల్ల అన్నం ఏ చేత్తో తింటోందని అడిగారు. కుడిచేత్తోనే. అది నేనే నేర్పాను, దాని మీద నాకు తగాదా లేదు. రాత ఏ చేత్తో అని అడిగారు. ఎడమచేత్తో. కంప్యూటర్‌లో విమానం ఆట ఆ జాయ్‌స్టిక్ కర్రను కుడిచేత్తో పట్టుకునే ఆడనివ్వాలి, అలవాటు మారుతుంది, ఎడమచెయ్యి కదిలితే తువ్వాలతో కుర్చీకి కట్టాలి అని రాశారు. పిల్లకు బొమ్మ కొనే మనసు వచ్చిందే అని నేను సంతోషపడబోతుంటే ఆ ముక్క కంటపడింది.

అత్తమ్మ మీ మాట జవదాటలేదు. నేను పసుపు ఆరబోసి వచ్చేసరికి పిల్ల ఎడమచెయ్యి కుర్చీకి కట్టేసి ఉంది. తెర మీద విమానం ఎడమకు లాక్కుంటూ పోయి గుట్టను గుద్దుతోంది. పిల్ల ఏడుస్తోంది.

"చూసినవా, దీని పుర్రచెయ్యి గుణం గా మిషన్‌కు గూడ అంటింది," అంది అత్తమ్మ.

"మిషన్‌కు గుణాలుంటయా అత్తమ్మా? జర చెయ్యి విప్పు."

"నేనెందుకు విప్పాలె? నా కొడుకు కట్టుమన్నడు, కట్టిన."

నేనే విప్పాను. మణికట్టు కమిలిపోయింది. ఆ రోజు నుంచి అత్తమ్మకూ నాకూ మాటల్లేవు. కూర గిన్నె మాత్రం అటూ ఇటూ జరుగుతోంది.

విమానం ఎందుకు ఎడమకు లాగుతోందో చూడమని ఫోన్‌లో అన్నారు. మళ్లీ కాలిబ్రేట్ చేశాను, అంటే కర్రకు నడుమ ఎక్కడో, అంచులెక్కడో కంప్యూటర్‌కు కొత్తగా చూపించాను, అప్పుడు తెలిసింది. కంప్యూటర్ మొట్టమొదట అడిగేది ఒక్కటే: కర్ర మీద నుంచి చెయ్యి తీయండి, అది తనంతట తాను నడుమ నిలబడ్డాక మీట నొక్కండి అని. మొదటిసారి పెట్టినప్పుడు ఫోన్‌లో మీరేమన్నారో గుర్తుందా? "కుడిచెయ్యి తియ్యనియ్యకు, గట్టిగ పట్టుకొమ్మను" అని అరిచారు. పిల్ల భయపడి కర్రను కుడివైపుకు వంచి పట్టుకుంది. యంత్రం అదే నడుమ అనుకుంది. ఇక ఆ తర్వాత కర్ర తిన్నగా నిలబడ్డా దాని లెక్కలో ఎడమే. తప్పు పిల్లది కాదు, యంత్రానిది కాదు, మీ అరుపుది. ఈసారి నేనూ మమతా చేతులు తీసేసి కూర్చున్నాం. తర్వాత కర్రను అంచులదాకా గుండ్రంగా తిప్పమంటే తిప్పాను. ఇప్పుడు విమానం సూటిగా పోతోంది. మమత దాన్ని ఎడమచేత్తో నేలకు దింపింది.

హనుమండ్లన్న మిమ్మల్ని మెచ్చుకుంటూ ఒక మాటన్నాడు. "బావ గోదాంల ఫోర్క్‌లిఫ్ట్ మస్తు నడుపుతుండు చెల్లె. ఎడమచేత్తోని స్టీరింగ్ తిప్పుతడు, కుడిచేత్తోని సామాను లేపుతడు." రోజంతా ఎడమచేత్తో బండి తిప్పి, ఆ సంపాదనతోనే బిడ్డ ఎడమచెయ్యి కట్టేయడానికి బొమ్మ కొన్నారు. మీకు సిగ్గనిపించలేదా?

ఇన్నేళ్లు దాచింది ఇప్పుడు చెబుతాను. పెళ్లైన కొత్తలో నా ఎడమ అరచేతిలో మచ్చ చూసి ఏమిటని అడిగారు. పెనం తగిలిందన్నాను. అబద్ధం. హుస్నాబాద్‌లో మా బాపు అట్లకాడ కాల్చి పెట్టిన వాత అది. పలక మీద ఎడమచేత్తో 'అ' దిద్దాను, అంతే. వాత పెట్టడానికి వీలుగా మా అవ్వే, కన్నతల్లే, నా చెయ్యి చాపి పట్టుకుంది. బాపు పోయాడు, అయినా నేను క్షమించలేదు. మిమ్మల్నీ క్షమించనని ముందే చెబుతున్నాను.

వచ్చే నెల సెలవుకు వచ్చి పిల్లను సరిచేస్తానన్నారట. రండి. అలిగి పుట్టింటికి పోతుందిలే అనుకోకండి, నా చెయ్యి కాలింది ఆ ఇంట్లోనే. ఇక్కడే, పిల్ల కుర్చీ పక్కనే ఉంటాను. తువ్వాల పట్టుకుని వస్తే ముందు నా చెయ్యి కట్టాల్సి ఉంటుంది. బిడ్డతో ఆడటానికి వస్తే మాత్రం జాయ్‌స్టిక్ తిన్నగానే ఉంది.

ఇక అక్షరాల సంగతి. ఈ ఉత్తరమంతా ఎడమచేత్తో రాశాను. వాత పడ్డాక ఆ చేత్తో కలం పట్టడం ఇదే మొదటిసారి. మమత పక్కన కూర్చుని 'అ' ఎటు తిప్పాలో చూపించింది. నా వేళ్లు బిగుసుకుపోతుంటే, "గట్టిగ పట్టకు అమ్మా, ఎవ్వలు కొట్టరు" అంది.

ఇట్లు,
మమత తల్లి కోమల
ఎడమ చేవ్రాలు