నీళ్లు పోసే అమ్మ

మోరిస్‌విల్
ఫిబ్రవరి 9

ప్రియమైన విద్యా,

ఫోన్‌లో నన్ను రెండో వాక్యం పూర్తి చేయనివ్వవు కాబట్టి ఉత్తరం. ఆదివారం తెలుగు బడి నుంచి ఇప్పుడే వచ్చాను. ఐదేళ్ల పిల్లలు పదకొండుమంది. అలసట ఒంటికి కాదు, లోపలెక్కడో.

ఈ వారం చుట్టరికాల మాటలు. నేనిచ్చిన కాగితంలో అమ్మకో గడి, నాన్నకో గడి. వేద రెండింట్లోనూ అమ్మ బొమ్మే వేసింది. వాళ్లింట్లో స్పందన, ఆమె భార్య, ఇద్దరూ అమ్మలే. పక్కనున్న నీరజ్, "రాంగ్! టూ మామ్స్ నాట్ అలౌడ్," అన్నాడు. వేద నావైపు తిరిగి, "ఆంటీ, అలౌడా?" అంది.

నేను "స్నాక్ టైమ్" అన్నాను. నలభై ఎనిమిదేళ్ల మనిషిని.

ఆ సిగ్గుతోనే ఇద్దరు పెళ్లికూతుళ్ల బొమ్మల పుస్తకం ఒకటి కొన్నాను. ఇంగ్లీషు మీద తెలుగు చీటీలు అతికిస్తున్నాను. వచ్చే నెల చదువుతానని వేదకు మాటిచ్చాను. తప్పు చేస్తున్నానా? ఆ పిల్లను అందరి ముందూ నిలబెట్టినట్టవుతుందేమో!

మీ తన్వి ఎలా ఉంది? సంబంధాలు చూస్తున్నారా?

నీ
ప్రసూన

ఎడిసన్
ఫిబ్రవరి 20

ప్రసూనమ్మా,

ఊరికే ఉండటం నీకు హాస్టల్లోనే చేతకాలేదు. మెస్ సాంబారు మీద పిటిషన్ నువ్వు రాసి, మొదటి సంతకం నాతో పెట్టించావు. వార్డెన్ తిట్లు నాకు.

అంత చిన్నపిల్లలకు పెళ్లిళ్ల గొడవ ఎందుకే? వదిలెయ్.

అయినా ఒక సంగతి చూసి రాయి. మన పెళ్లిళ్లలో నాన్న అల్లుడి కాళ్లు కడుగుతుంటే అమ్మ చెంబుతో నీళ్లు పోస్తుంది కదా. ఇద్దరూ కూతుళ్లే అయితే ఆ అమ్మ ఎక్కడ నిలబడుతుంది? నీ పుస్తకంలో అమ్మ ఏం చేస్తోంది?

తన్వి బాగానే ఉంది. పని ఎక్కువట. నేనూ అలసిపోయాను, ఎందుకని అడక్కు.

శ్రీవిద్య

మోరిస్‌విల్
మార్చి 24

ప్రియమైన విద్యా,

చదవలేదు.

ముందుగా తల్లిదండ్రులకు చెప్పడం మర్యాద అనుకున్నాను. నీరజ్ నాన్న కౌస్తుభ్ పార్కింగ్‌లో ఆపాడు. "మేడమ్, అక్షరాల కోసం పంపిస్తున్నాం. ఇవన్నీ ఇప్పుడే ఎందుకండీ?" అని, కాస్త ఆగి, "ఇంటికొచ్చి క్వశ్చన్స్ అడిగితే ఏం చెప్పాలో నాకే తెలీదు మేడమ్," అన్నాడు. కోప్పడి ఉంటే ఎదిరించేదాన్నేమో. భయపడుతున్నవాణ్ణి ఏమనను? పుస్తకం సంచీలోనే ఉంచి కాకి, కుండ కథ చెప్పాను. వేద కథంతా నా సంచీ వైపే చూస్తూ కూర్చుంది.

రాత్రికల్లా స్పందన మెసేజ్: "ఈ టర్మ్ తర్వాత వేద మానేస్తుంది అక్కా. నథింగ్ పర్సనల్."

నువ్వడిగినదానికి జవాబు: పుస్తకమంతా వెతికాను. కుక్క ఉంది, కేకు ఉంది, పూలు చల్లే పిల్లలున్నారు. అమ్మ లేదు.

ఎందుకడిగావే అది?

ప్రసూన

ఎడిసన్
ఏప్రిల్ 27

ప్రసూనా,

నెల పట్టింది నీ చివరి వాక్యానికి జవాబు రాయడానికి.

తన్వి పెళ్లి అక్టోబరులోనే అయిపోయింది. బోస్టన్‌లో, నైనిక అనే అమ్మాయితో. మా ఆయన ఒక్కడే వెళ్లొచ్చాడు. నేను తలనొప్పని పడుకున్నాను. కోపం కాదే. వెళ్లి ఎక్కడ నిలబడాలో తెలియలేదు. నవ్వకు.

మొన్న లైబ్రరీకి వెళ్లాను. నీ పుస్తకం దొరకలేదు, అలాంటిదే ఇంకొకటి దొరికింది. పిల్లల కుర్చీలో, మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే, చదివాను. ఎనిమిది నిమిషాలు. రెండేళ్లుగా తన్వి నాకు చెప్పాలని చూసింది ఇంతే. అందులోనూ అమ్మ లేదు.

అందుకే ఈ కాగితం జతచేస్తున్నాను. మీ అందరి జువాలజీ రికార్డులూ గీసిన తర్వాత మళ్లీ ఇప్పుడే పెన్సిల్ పట్టాను. చెంబు బాగా వచ్చింది. ఇద్దరమ్మాయిల నాలుగు పాదాలూ వచ్చాయి. నీళ్లు పోసే అమ్మకు ముఖమే రాలేదు. ఐదుసార్లు చెరిపాను. వేదను వెయ్యమను.

శనివారం బోస్టన్ రైలెక్కుతున్నాను. రమ్మని తన్వి అనలేదు, వద్దనీ అనలేదు. చెంబు హ్యాండ్‌బ్యాగులో పట్టలేదు, చీరలో చుట్టాను.

నీ
విద్య

మోరిస్‌విల్
మే 4

నా విద్యకు,

నిన్న నువ్వక్కడ ఏ గుమ్మంలో నిలబడ్డావో నాకింకా తెలియదు. ఇక్కడ మాత్రం ఇవాళ బడిలో ఆ పుస్తకం చదివేశాను.

ఇష్టం లేనివాళ్లు అరగంట ఆలస్యంగా పంపండని ముందే రాశాను. నలుగురే వచ్చారు. నీరజ్ వచ్చాడు. కౌస్తుభ్ కారు తాళం చేతిలో తిప్పుకుంటూ, కథ అయ్యేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఇంట్లో ఏం చెప్పాలో వినడానికేమో.

చివర్లో నీ బొమ్మ చూపించాను. వేద అడిగింది: "ఆంటీ, ఈ అమ్మకి ఫేస్ లేదేంటి?"

"ఆవిడ పెళ్లికి ఆలస్యంగా వచ్చింది. నువ్వు వేస్తావా?" అన్నాను.

నాలుక బయటపెట్టి వేసింది. రెండు పెద్ద కళ్లు, ముక్కుకు చుక్క, ఒక చెవి నుంచి ఇంకో చెవిదాకా నోరు. నీరజ్ ఊరుకోలేదు. "లేట్ అయితే సారీ చెప్పాలి," అన్నాడు.

వేద బొమ్మలోని చెంబు మీద వేలు పెట్టింది.

"వాటర్ తెచ్చింది కదా," అంది.

వెళ్తూ వెళ్తూ స్పందన వచ్చే టర్మ్ ఫారం అడిగి పట్టుకెళ్లింది. నీ బొమ్మను పుస్తకంలో అతికించేశాను, తిరిగివ్వను.

నీ
ప్రసూన