గడిలో వేసిన తేదీ

మాంట్రియల్, 2023 ఏప్రిల్ 2

ప్రియమైన శ్రీవారికి,

నా రాతనూ, అక్షర దోషాలనూ మన్నించండి. ఏడో తరగతితో ఆగిన చెయ్యి ఇది. ఫోన్లో మీరు అరిస్తే నాకు మాట పెగలదు, అందుకే ఉత్తరం.

జనవరిలో మీరు కాలేజీ మారి కాల్గరీ వెళ్లాక నా పేరున వేసిన ట్యాక్స్ కాగితాలకు జవాబులొచ్చాయి. కేంద్రానికి, అదే ఫెడరల్ వాళ్లకు, నేను 1,180 డాలర్లు నెలాఖరులోగా కట్టాలట. ఇక్కడి రాష్ట్రం, క్యూబెక్ వాళ్లు నాకే 1,460 ఇస్తారట. నేను కట్టేది అందులో సరిపెట్టుకోరా అని బేకరీలో నాతో పనిచేసే కావ్యశ్రీని అడిగాను. "రెండూ వేరే గవర్నమెంట్లక్కా. వాళ్లకూ వాళ్లకూ మాటల్లేవు!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. క్యూబెక్ డబ్బు వచ్చిందా? మన జాయింట్ అకౌంట్ మీ ఫోన్లోనే కదా కనిపించేది.

మీ రూమ్మేట్లు చూస్తారు. చదివి కాల్చేయండి.

మీ అమ్ములు

కాల్గరీ, ఏప్రిల్ 10

ప్రియమైన అమ్ములుకి,

మన ట్యాక్సు ఊరందరికీ చూపిస్తున్నావా? ఎవరా కావ్యశ్రీ, నా ఆడిటరా? క్యూబెక్ డబ్బు రాలేదు. వచ్చాక ఫెడరల్ వాళ్లకి కడదాం. నాకు ఫీజు టైమ్. నీ జీతం ఎప్పటిలా అకౌంట్లోనే ఉంచు.

నీ మహీధర్

మాంట్రియల్, ఏప్రిల్ 18

ప్రియమైన మీకు,

అక్షరాలు వంకరగా ఉంటే క్షమించండి, ట్రేలు మోసి వేళ్లు పట్టేశాయి.

మే నెల వస్తే వడ్డీ మొదలవుతుందట. అందుకని జీతం ఫెడరల్ వాళ్లకు కట్టేశాను, అకౌంట్లో మీకేమీ మిగల్లేదు. ఇంకొకటి. క్యూబెక్ కాగితం కావ్యశ్రీ చేత చదివించాను. డిసెంబరు నుంచి నేను భర్తతో విడిపోయి ఉంటున్నానని ఉంది. ఫెడరల్ కాగితంలో పెళ్లయినట్టే ఉంది. ఎందుకలా రాశారు?

ఇదీ కాల్చేయండి.

మీ అమ్ములు

కాల్గరీ, ఏప్రిల్ 25

అమ్ములూ,

విడిగా ఉన్నట్టు రాస్తే క్యూబెక్ వాళ్ల నుంచి ఎక్కువ వస్తుంది. గడిలో టిక్కు పెడితే మొగుడు పోతాడా? నా స్టడీ పర్మిట్ మీద వచ్చినదానివి, నోరు మూసుకుని ఉండు. లేదంటే టికెట్ కొని ఇండియా పంపించేస్తా. డబ్బు రాలేదన్నానుగా!

మహీధర్

మాంట్రియల్, మే 3

మహీధర్ గారికి,

తప్పులుంటే ఉండనీండి.

సోమవారం సెలవు పెట్టి బ్యాంకుకి వెళ్లాను. అడగడానికి నోరు రాక రెండుసార్లు వరుస వదిలి వెనక్కి వెళ్లాను. మూడోసారి అడిగాను. కాగితం తీసి ఇచ్చారు. క్యూబెక్ డబ్బు మార్చి ఇరవై ఎనిమిదినే పడింది. ఆ రోజే మీరు తీసేశారు.

అక్కడి నుంచి కావ్యశ్రీని తీసుకుని క్యూబెక్ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లి, ఆ గడిలో ఉన్నది అబద్ధమని చెప్పాను. ఎక్కువగా వచ్చిందంతా తిరిగి కట్టాలన్నారు. నెలనెలా కడతాను.

"అయితే మీరిద్దరూ కలిసే ఉన్నారా?" అని అడిగింది ఆ ఆఫీసు కౌంటర్లో ఆవిడ.

"డిసెంబరులో ఉన్నాం."

"ఇప్పుడు?"

పాత కాగితంలో పెళ్లయినట్టే దిద్దించాను. కొత్త కాగితం అడిగి, విడిగా ఉంటున్నామన్న గడిలో నేనే టిక్కు పెట్టాను. పక్కన ఆ సోమవారం తేదీ వేశాను.

మీ టికెట్ అక్కర్లేదు. నా వర్క్ పర్మిట్‌కి ఇంకా ఏడాది గడువుంది. ఈలోగా నా పేరు మీదే కొత్త పర్మిట్‌కి అప్లై చేస్తామని బేకరీ వాళ్లు అన్నారు. జీతం పడే అకౌంటూ మార్చుకున్నాను.

ఈ ఉత్తరానికి కాపీ తీసి నా దగ్గర పెట్టుకున్నాను. ఇక మీరు దీన్ని కాల్చేయండి.

అమ్ములు